హాజిరక్క చేతుల్లో పెద్దబండి

మొదటిసారి హాజిరక్కను చూసినప్పుడు నాకు ఆమె పాదాలు మాత్రమే కనిపించాయి.

అది 2021 వానాకాలం. మా అమ్మ లలితమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయాయని తేలింది. వారానికి మూడుసార్లు వనపర్తి దవాఖానలో డయాలసిస్ చేయించాలన్నారు. నేను పాన్‌గల్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మంగళ, గురు, శనివారాలు సెలవు పెడుతూ పోతే ఉద్యోగం నిలవదు. బస్సులో పంపుదామంటే అమ్మ మోకాళ్లు సహకరించవు. ఏం చేయాలో తోచక స్టాఫ్‌రూంలో తల పట్టుకుని కూర్చుంటే, మా అటెండర్ సాయన్న వచ్చి, "మహమూద్ బండి గూడ డయాలసిస్ కాడికే పోతది గద మేడం, అండ్ల పంపుర్రి" అన్నాడు.

సాయంత్రం వెతుక్కుంటూ వెళ్లాను. మసీదు వెనక వీధిలో, ఇంటి ఎదురుగా రేకుల షెడ్డు కింద, పాత ఏడు సీట్ల ఎస్‌యూవీ ఒకటి నిలబడి ఉంది. ఊళ్లో అందరూ దాన్ని పెద్దబండి అనేవారు. దాని కింద గోనెపట్టా పరుచుకుని ఎవరో పడుకుని ఉన్నారు. సల్వారు అంచుల కింద రెండు పాదాలు, వాటికి వెండి పట్టీలు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ముఖం కొంచెం ఉబ్బిన మనిషి కూర్చుని, వంగకుండానే చెబుతున్నాడు.

"ఎడమకు తిప్పు. నీ ఎడమకు గాదు, బోల్టు ఎడమకు."

"బోల్టుకు ఎడమ కుడి ఎక్కడుంటయ్ జీ?" అని బండి కింది నుంచి గొంతు వచ్చింది. ఆ వెంటనే పానా జారిన చప్పుడు, ఉర్దూలో ఒక చిన్న తిట్టు, ఆ తర్వాత నవ్వు.

ఆమె బయటికి జరిగి లేచి కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. ముక్కు మీద నల్లటి ఆయిలు మరక. మోచేత్తో దాన్ని తుడుచుకోబోయి ఇంకా పెద్దది చేసుకుంది. నేను వచ్చిన పని చెప్పాను. రేటు గురించో, టైము గురించో అడుగుతుందనుకున్నాను. ఆమె అడిగింది వేరే.

"అమ్మకు మోకాళ్లు ఎంతవరకు వంగుతయ్ టీచరమ్మా? ఇంత ఎత్తు మెట్టు ఎక్కుతదా?" అంటూ నేల నుంచి జానెడున్నర ఎత్తు చూపించింది.

ఎక్కలేదని చెప్పాను. ఆమె బండి తలుపు కింద ఉన్న ఇనుప మెట్టు వైపు కాసేపు చూసి, "శనివారం దాంక జర తిప్పలు పడాలె. తర్వాత నేను చూస్త" అంది.

ఆ కుర్చీలో మనిషి ఆమె భర్త మహమూద్. ఆ బండి సంగతులన్నీ తర్వాత కొంత ఆయన, కొంత ఆమె, సెలవు దొరికి నేనూ వెళ్లిన ప్రయాణాల్లో నాకు చెప్పారు.

మహమూద్ డ్రైవరు. ఆ బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొని పదేళ్లు పెళ్లిళ్లకు, దర్గాలకు, అలంపూర్‌కు, శ్రీశైలానికి తిప్పాడు. హాజిరక్క ఇంట్లో బట్టలు కుట్టేది. 2019లో ఆయనకు కిడ్నీలు పోయాయి. ఎడమ చేతికి డయాలసిస్ సూదుల కోసం చిన్న ఆపరేషన్ చేసి, ఇక ఆ చేత్తో బరువు ఎత్తొద్దని గట్టిగా చెప్పారు. పానా పట్టి బిగించే బలం అప్పటికే లేదు. జీతానికి ఒక డ్రైవరును పెట్టుకున్నారు. రిపేరు వస్తే కొత్తకోటలో హైవే పక్కన బాసిత్ అనే మెకానిక్ దగ్గరికి పోయేవాళ్లు. బాసిత్ మంచివాడే కానీ, షెడ్డు ముందు ఎప్పుడూ లారీలు బారులు తీరి ఉండేవి.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. డ్రైవరు తన ఊరికి పోయాడు. బాసిత్ షెడ్డుకు తాళం పడింది. బస్సుల్లేవు. హాజిరక్కకు బండి నడపడం కొంచెం వచ్చు. పెళ్లయిన కొత్తలో మార్కెట్ యార్డు మైదానంలో మహమూద్ సరదాగా నేర్పాడు. పోలీసుల దగ్గర పాసు తీసుకుని, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని వనపర్తికి రెండుసార్లు వెళ్లి వచ్చింది. మూడోసారి బండి స్టార్ట్ కాలేదు.

సెల్ఫ్ కొడితే తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవడం లేదు. ఎవరికి ఫోన్ చేసినా రాలేమన్నారు. ఆ రోజు డయాలసిస్ తప్పిపోయింది. మర్నాటికి మహమూద్ వెల్లకిలా పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. దిండ్లకు ఆనుకుని కూర్చుని, కిటికీలోంచి బండిని చూస్తూ, ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పాడట.

"బానెట్ లేపు. డీజిల్ ఫిల్టర్ మీద... రబ్బరు బుడిపె ఉంటది. పక్కన చిన్న బోల్టు. దాన్ని జర వదులు చెయ్యి. బుడిపెను ఒత్తుకుంట ఉండు. ముందుగాల నురగ వస్తది. నురగ పోయి సాఫ్ డీజిల్ వచ్చిందాక ఒత్తు. అప్పుడు బోల్టు బిగియ్యి."

డీజిల్ పైపులోకి గాలి చేరింది. అంతే జబ్బు. కానీ ఆ సంగతి ఆమెకు అప్పటికి తెలియదు. ఏ బోల్టో, ఎటు తిప్పాలో తెలియదు. బయటికి పోయి చూడటం, లోపలికొచ్చి ఆయనకు చెప్పడం, మళ్లీ పోవడం. గంటన్నర పట్టింది. బొటనవేలు పొక్కింది. చివరికి నురగ ఆగి, పల్చటి డీజిల్ ధార వేళ్ల మీదుగా కారింది. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ ఒకసారి దగ్గి అందుకుంది.

"ఆ చప్పుడు ఇంట్ల ఆయనకు ఇనపడ్డది. కిటికీలకెల్లి చెయ్యి ఊపిండు. నేను స్టీరింగ్ మీద తల పెట్టి మస్తు ఏడ్చిన టీచరమ్మా. అప్పుడే ఒట్టు పెట్టుకున్న. ఇంకోసారి ఈ బండి ఖరాబై ఈయన సూదులు తప్పొద్దు అని" అని చెప్పిందామె నాతో.

అలా మొదలైంది. లాక్‌డౌన్ తీసేశాక ఆమె నేరుగా కొత్తకోట వెళ్లి, "నాకు నేర్పు" అని బాసిత్‌ను అడిగింది. అతను ముందు నవ్వాడు. ఆమె నవ్వకుండా నిలబడేసరికి నవ్వు మాని ఒక పాత పానాల సెట్టు తీసిచ్చాడు. డయాలసిస్ లేని రోజుల్లో ఆమె పొద్దున్నే వెళ్లి, షెడ్డులో ఓ మూల కూర్చుని చూసేది. ఇంటికొచ్చి మహమూద్‌ను అడిగి సందేహాలు తీర్చుకునేది. ఆయనకు బండి గురించి తెలియనిది లేదు. కానీ అదంతా చేతుల్లో ఉన్న తెలివి. మాటల్లో పెట్టి ఎన్నడూ చెప్పి ఉండలేదు. భార్య అడుగుతుంటే తను ఏ పని ఎందుకు చేసేవాడో మొదటిసారి ఆలోచించుకుని చెప్పేవాడు.

తప్పులు చేయలేదని కాదు. మొదటిసారి ఇంజన్ ఆయిలు మార్చినప్పుడు, కారుతుందేమోనన్న భయంతో అడుగు బోల్టును బలమంతా పెట్టి బిగించింది. మరలు కొరికిపోయి, తెల్లారేసరికి షెడ్డంతా నల్ల మడుగు. ఆ రోజు అన్నం ముట్టలేదట. మహమూద్ కోప్పడలేదు. "దర్జీదానివి నువ్వు. దారం ఎంత గుంజితే తెగుతదో నీకు తెలుసు గద. బోల్టు గూడ గంతే" అన్నాడు. ఆ తర్వాత ఆమె చేతిలో బోల్టు ఒక్కటీ పాడవలేదు.

విప్పిన బోల్టులను కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టేది. ఒక్కోదాని పక్కన కుట్టుపని సుద్దతో గుర్తు. ఆయిలు ఎప్పుడు మార్చిందీ, బ్రేకు ప్యాడ్లు ఎప్పుడు వేసిందీ బానెట్ లోపలివైపు తెల్ల పెయింటుతో తేదీలు వేసి రాసుకునేది.

మేం ఆ బండి ఎక్కడం మొదలుపెట్టే నాటికి ఆమెకు ఏడాది అనుభవం. మాతోపాటు ఈశ్వరయ్య అనే పెద్దాయన కూడా కొత్తగా చేరాడు. కోడేరు దగ్గర వేరుశనగ రైతు. డయాలసిస్ కోసం పాన్‌గల్‌లో కూతురింట్లో ఉంటున్నాడు. మొదటి రోజు బండి దగ్గరికొచ్చి, స్టీరింగ్ ముందు హాజిరక్కను చూసి ఆగిపోయాడు.

"ఆడిమనిషి తోలే బండా? నేను బస్సుకు పోత."

ముందు సీట్లోంచి మహమూద్ అన్నాడు: "కాకా, ఈ బండిని నేను పదేండ్లు తోలిన. ఏ బ్రేకు ఎంత అరిగిందో నాకెప్పుడూ తెల్వలే. ఆమెకు తెలుసు. ఎక్కు."

ఎక్కలేదు. బస్సుకే పోయాడు. తిరుగు ప్రయాణంలో వనపర్తి బస్టాండ్ ముందు ఆయన స్తంభానికి ఆనుకుని, ముఖం పాలిపోయి నిలబడి ఉన్నాడు. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోతే కాళ్లు నిలవవు. హాజిరక్క బండిని సరిగ్గా ఆయన ముందు ఆపి, దిగి, వెనక తలుపు తీసి పట్టుకుంది.  ఆయన ఎక్కి కూర్చున్నాడు. ఆ తర్వాత బస్సు మాట ఎత్తలేదు.

మెట్టు సంగతి చెప్పాలి. శనివారానికి అన్నది నిజంగానే శనివారానికి చేసింది. అమ్మను గుమ్మంలో నిలబెట్టి, పాదం ఎంత ఎత్తు లేస్తుందో టేపుతో కొలిచింది. అట్టపెట్టె విప్పదీసి, జాకెట్టు ముక్కలు కత్తిరించినట్టే మెట్టుకు కావలసిన ముక్కలు కత్తిరించి, దారంతో కుట్టి నమూనా తయారు చేసింది. దాన్ని పట్టుకుని కొత్తకోట పోతే బాసిత్ ఆ అట్టను తిప్పి తిప్పి చూసి, ఉర్దూలో అక్కా అని పిలుస్తూ, "ఆపా, ఇది జాకెట్టా, మెట్టా?" అన్నాడట. అన్నాడే కానీ, ఆ కొలతకే ఇనుప పట్టీలు కోసి వెల్డింగ్ చేసి ఇచ్చాడు. బోల్టులు ఆమే బిగించుకుంది. ఎక్కేటప్పుడు కిందికి దిగే మెట్టు, తలుపు వేశాక కాలితో తంతే పైకి మడుచుకునేది. శనివారం పొద్దున మా అమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండా బండి ఎక్కి, లోపలి నుంచి నా వైపు చిన్నపిల్లలా చూసింది.

ఆ తర్వాత బండి నెల నెలా మారుతూ వచ్చింది. సూదులు గుచ్చిన చెయ్యి ఆనించుకోవడానికి సీట్ల పక్కన దూదిమెత్తలు. వెనక కూర్చున్నవాళ్లకు గాలి తగిలేలా పైన రెండు చిన్న ఫ్యాన్లు. వాటికి వైరు ఎలా లాగాలో మహమూద్‌కు కూడా తెలియదు. ఆమె ఫోన్లో వీడియోలు చూసి, ఫ్యూజు పెట్టి మరీ లాగింది. కిటికీలకు తెల్ల నూలు తెరలు. వాంతి వస్తే అందుకోవడానికి ఒక్కో సీటు వెనకా మూత ఉన్న డబ్బా. వెనకాల నీళ్ల క్యాను కదలకుండా ఇనుప చట్రం.

ఒకరోజు అమ్మ మొహమాటపడుతూ అంది, "హాజిరా, అన్ని మంచిగున్నయ్ బిడ్డా. గుంతల కాడనే ప్రాణం పోతది. పట్టీ కట్టినకాడ దెబ్బ కొట్టినట్టు అయితది."

హాజిరక్క వెంటనే బండి కింద దూరి వెనక కమాన్ పట్టీలను, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలను, లెక్కపెట్టింది. పెళ్లిళ్ల సీజన్లో జనాన్నీ, సామాన్లనూ మోయడానికి మహమూద్ ఎప్పుడో రెండు వైపులా ఒక్కో పట్టీ ఎక్కువ వేయించాడు. ఇప్పుడా బరువు లేదు. అందుకే బండి రాయిలా ఎగిరిపడుతోంది. "తీసేద్దాం" అంది ఆమె. మహమూద్ మొదటిసారి వద్దన్నాడు.

"అది బాసిత్ పని. కమాన్ విప్పేటప్పుడు ఎగిరి తంతే చెయ్యి ఉండదు."

"ఎట్ల తన్నదో చెప్పు. గట్లనే విప్పుత."

ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టారు. నేనూ వెళ్లాను. బండి ఛాసిస్ కింద ఆయన చెప్పిన చోట నాలుగు చెక్క దిమ్మలు. జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దని ఆయన పదిసార్లు చెప్పాడు. ఒక్కో బోల్టుకూ ఆయన కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. "మధ్యల చెయ్యి పెట్టకు... ఇప్పుడు అర చుట్టు... ఆగు... పట్టీ నిదానంగ ఒదగనియ్యి." ఆమె పెదవి కొరికి పట్టుకుని ఆయన గొంతు ఎటంటే అటు చేయి కదిపింది. సాయంత్రానికి రెండు పట్టీలు బయట నేల మీద ఉన్నాయి. ఆమె చేతులు మోచేతుల దాకా గీరుకుపోయాయి. మంగళవారం నేనూ సెలవు పెట్టి వెళ్లాను; వనపర్తి దారిలో గుంతలన్నీ దాటాక అమ్మ నిద్రపోయింది. అద్దంలో అది చూసి హాజిరక్క మహమూద్ మోకాలి మీద మెల్లగా తట్టింది.

2023 మార్చిలో, డయాలసిస్ మంచం మీదే, మహమూద్ గుండె ఆగిపోయింది. దవాఖాన వాళ్లు చేయగలిగిందంతా చేశారు. ఆయన్ను తీసుకొచ్చింది కూడా ఆ బండిలోనే. ఆమే నడిపింది.

పరామర్శకు వచ్చిన బంధువులు బండి అమ్మేయమన్నారు. ఎవరి కోసం ఇంక అన్నారు. ఆమె లోపలి గదిలోంచే, "ఇంక ముగ్గురున్నరు" అంది. ముగ్గురంటే మా అమ్మ, ఈశ్వరయ్య, కొత్తగా చేరిన తిమ్మమ్మ.

కానీ ఆమె వెంటనే బయటికి రాలేదు. భర్త పోయిన ముస్లిం స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకుండా ఇద్దత్ పాటించాలి. ఆమె దాన్ని నిష్ఠగా పాటించింది. నర్సింహులు అనే డ్రైవరును మాట్లాడి బండి ఇచ్చింది. బండి పనులు మాత్రం నాకు పడ్డాయి. గడప లోపల ఆమె కుర్చీ వేసుకుని కూర్చునేది. వీధికి అవతల షెడ్డులో నేను బానెట్ లేపి నిలబడేదాన్ని. నాకు స్కూటీలో పెట్రోలు పోయించడం తప్ప ఇంకేమీ తెలియదు.

"ఆయిలు పుల్ల తీసి తుడువు. మళ్ల పెట్టి తియ్యి. రెండు గీతల నడుమ ఉందా?"

"ఉంది అక్కా."

"రంగెట్లుంది? వేళ్ల నడుమ రుద్ది చూడు. గరుకుందా?"

పొద్దున నర్సింహులు బండి తీయగానే ఆ చప్పుడు విని నాకు ఫోన్ చేసేది. "బెల్టు కూస్తుంది టీచరమ్మా. బిగియ్యాలె, సాయంత్రం రా." ముప్ఫై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నవాళ్లకైనా అంత ఓపిక ఉండదు. నాకు అర్థం కాకపోతే ఇంకో రకంగా చెప్పేది, అదీ కాకపోతే ఇంకో రకంగా. ఒక్కసారి మాత్రం కసిరింది. పానా నేల మీద పారేసి వెళ్లబోతుంటే, "తుడిచి పెట్టు. రేపు మట్టి బోల్టుల పోతది" అని.

మే నెలలో పెళ్లిళ్ల బేరాలు దొరికి నర్సింహులు మానేశాడు. బడికి సెలవులు. నాకు లైసెన్సు ఉంది, ధైర్యం లేదు. "నిదానంగ పో. బండి మంచిది, నిన్ను చూసుకుంటది" అని హాజిరక్క గడపలోంచి పంపింది. వారం రోజులు బాగానే నడిచింది.

ఆ మంగళవారం ఎండ మండిపోతోంది. ఆది, సోమవారాలు డయాలసిస్ ఉండదు కాబట్టి మంగళవారానికి అందరి ఒళ్లూ నీరు పట్టి ఉంటుంది. అమ్మకు ఆ పొద్దున్నుంచే ఆయాసం. తిమ్మమ్మ జ్వరమని రాలేదు. అమ్మ, ఈశ్వరయ్య వెనక కూర్చున్నారు. సగం దారి దాటాక వేడి చూపించే ముల్లు పైకి పోవడం గమనించాను. అంతలోనే బానెట్ కింది నుంచి తెల్లగా ఆవిరి ఎగసింది. వేపచెట్టు నీడలోకి బండి లాగి ఆపాను. హాజిరక్కకు ఫోన్ చేశాను.

"ఇంజన్ బందు చేసినవా?"

"చేశాను."

"రేడియేటర్ మూత ముట్టకు. ముడితే ముఖం కాలుతది. బానెట్ లేపి దూరం నిలబడు. అమ్మ ఎట్లుంది?"

"ఆయాసపడుతోంది అక్కా. 108కి చెయ్యనా?"

"చెయ్యి. అది వచ్చేలోపల మనం ఊకె ఉండొద్దు."

అంబులెన్సు ఇంకో కేసులో ఉందని, నలభై నిమిషాలు పడుతుందని చెప్పారు. అమ్మను సీట్లో నిటారుగా కూర్చోబెట్టి, తలుపులన్నీ తీసి, ఫ్యాన్లు వేశాను. ఇరవై నిమిషాలు ఆగమంది హాజిరక్క. నా జీవితంలో అంత పొడుగైన ఇరవై నిమిషాలు లేవు. ఆ తర్వాత వీడియో కాల్ చేయమంది. సిగ్నల్ లేక బొమ్మ రాలేదు. మాటలతోనే నడిచింది.

"పైన లావుపాటి నల్ల రబ్బరు పైపు ఉందా? రేడియేటర్ కాడ తడిమి చూడు. గుడ్డ పెట్టుకో."

చివర్న, క్లిప్పు పక్కనే, రెండు వేళ్ల పొడవు చీలిక ఉంది. చెప్పాను. 

"మంచి జాగల పలిగింది. నడుమ పలిగితే ఏం చేయలేకపోతుంటిమి. సీటు కింద డబ్బాల బ్లేడు ఉంది. మూత మీద గుడ్డ కప్పి నిదానంగ తిప్పు, ఆవిరి పోనియ్యి. ఇప్పుడు క్లిప్పు వదులు చేసి పైపు గుంజు. పలిగిన ముక్క వరకు సక్కగ కోసెయ్యి. వంకర కోస్తే నీళ్లు కారుతయ్. పైపు జర పొడుగే ఉంటది, అందుతది. మళ్ల ఎక్కించి క్లిప్పు బిగియ్యి."

"ఎంత బిగించాలి?"

"నీ చేతికి తెలుస్తది."

తెలిసింది. అదెలాగో ఇప్పటికీ చెప్పలేను. వెనక చట్రంలోంచి క్యాను తీసి రేడియేటర్లో నీళ్లు పోస్తుంటే ఈశ్వరయ్య తలుపులోంచి చూస్తున్నాడు. డయాలసిస్ మనిషికి రోజుకు ఇన్ని గ్లాసులే నీళ్లని లెక్క. ఆయన పెదవులు తడుపుకుని, "దీనికేమో క్యాను క్యానే తాపుతరు. మాకు గొంతు తడుపనియ్యరు" అన్నాడు. అంత ఆయాసంలోనూ అమ్మ నవ్వింది.

"మూత గట్టిగ పెట్టకు. మొదటి గాటు దాంకనే. లోపల ఒత్తిడి పెరుగొద్దు. ఇప్పుడు లోపల హీటర్ పెట్టు" అంది హాజిరక్క.

"హీటరా? ఈ ఎండలోనా?"

"ఇంజన్ వేడి కొంత బండి లోపలికి గుంజుతది. కిటికీలు తీసిపెట్టు. ముప్పై దాటకు. స్టార్ట్ చేసి ఫోన్ ఇంజన్ కాడ పెట్టు."

పెట్టాను. అర నిమిషం విని, "పో" అంది.

మే నెల మధ్యాహ్నం హీటర్ వేసుకుని వనపర్తికి పోయిన బండి మాదొక్కటే అయి ఉంటుంది. ముగ్గురం చెమటతో తడిసి ముద్దయ్యాం. అంబులెన్సుకు ఫోన్ చేసి వద్దని చెప్పాను. గంట ఆలస్యంగా చేరితే నర్సులు చక్రాల కుర్చీతో గేటు దగ్గరే ఉన్నారు. హాజిరక్క అప్పటికే వాళ్లకు ఫోన్ చేసి చెప్పింది. సాయంత్రానికి అమ్మ ఊపిరి కుదుటపడింది.

తిరిగొచ్చి గడప దగ్గర నిలబడ్డాను. పొగుడుతుందనుకున్నాను. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాది టీచరమ్మా. ఆ పైపు గట్టిపడ్డదని ఫిబ్రవరిలనే చూసిన. మార్చిల మారుద్దామనుకున్న. మార్చిల ఆయన పోయిండు. మర్చిపోయిన. బండికి మన దుఃఖం తెల్వదు గద."

ఆమె పక్కన గడప మీద కూర్చున్నాను. 

బడి తెరిచేనాటికి పెళ్లిళ్ల సీజన్ అయిపోయి నర్సింహులు మళ్లీ వచ్చాడు. జూలైలో ఇద్దత్ ముగిసింది. ఆ మర్నాడు ఆమె కొత్తకోట పోయి బండిలోని రబ్బరు పైపులన్నీ కొత్తవి తెచ్చి ఒక్కరోజులో మార్చేసింది. గురువారం పొద్దున స్టీరింగ్ ముందు కూర్చుంది. ఈశ్వరయ్య మహమూద్ కూర్చునే ముందు సీటు వైపు చూసి, "దాన్ని గట్లనే ఖాళీ ఉండనియ్యి బిడ్డా" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఖాళీ ఎందుకు కాకా? ఒక మనిషి పడతడు." వారం తిరక్కముందే ఆ సీట్లోకి ఇంకో పేషంటు వచ్చాడు.

ఇప్పుడు బండిలో ఐదుగురు వెళుతున్నారు. నేను సెలవు రోజుల్లో పానాలు అందిస్తాను, కొన్ని పనులు నేనే చేస్తాను. బ్రేకు ప్యాడ్లు మార్చడం వచ్చింది. కమాన్ జోలికి ఇంకా పోలేదు.

పోయిన ఏడాది బండిని ఫిట్‌నెస్ పరీక్షకు వనపర్తి తీసుకెళ్లాం. ముందు రెండు రోజులూ ఆమె బండిని కడిగి, గ్రీజు పట్టించి, ఒక్కో బోల్టూ తట్టి చూసింది. పరీక్షించే అధికారి పాత బండి కదా అని గట్టిగానే చూశాడు. కింద వంగి చూశాడు, బ్రేకు తొక్కించాడు, పొగ చూశాడు. మడత మెట్టును రెండుసార్లు దించి ఎత్తాడు. బానెట్ లోపల తెల్ల పెయింటుతో రాసిన తేదీలన్నీ చదివాడు.

"ఏ షెడ్డులో చేయిస్తరమ్మా?"

"ఇంట్లనే సార్."

"ఎవరు చేస్తరు?"

"నేనే సార్. ఈ నడుమ టీచరమ్మ గూడ."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నమ్మాడో లేదో తెలియదు. బండి చుట్టూ ఇంకోసారి తిరిగి, "బండి బాగుంది. వెనక ఎడమ ఇండికేటర్ వెలుగుత లేదు, చూస్కో" అని సంతకం పెట్టాడు.

హాజిరక్క ముఖం మాడిపోయింది. అక్కడే, ఆఫీసు ఆవరణలోనే, టూల్ డబ్బా తెరిచి బల్బు మార్చింది. పాస్ అయిన కాగితం నా చేతిలోనే ఉండిపోయింది. ఆమె దాని వైపు చూడలేదు.

"పొద్దున చూసిన టీచరమ్మా. కసం, ఒట్టు పెడుత, పొద్దున వెలిగింది" అంది వనపర్తి దాటేటప్పుడు.

"అయిపోయింది కదా అక్కా. పాస్ చేశారు."

"పాసు సంగతి గాదు. దారిల ఎవడన్న వెనకకెల్లి వచ్చి గుద్దితే? అమ్మ ఎడమ దిక్కే కూసుంటది గద."

పాన్‌గల్ చేరేదాకా ఆ బల్బు గురించే మాట్లాడుతూ వచ్చింది.